మెడలో బిళ్ళ: పిల్లల లింఫోమాకు ఎంత చికిత్స చాలు?

తెలుగిళ్ళలో పిల్లల మెడమీదో గజ్జల్లోనో చిన్న గడ్డ చేతికి తగిలితే “బిళ్ళ కట్టింది” అంటారు. కాలికి పుండు పడితే గజ్జల్లో, పన్ను పుచ్చితే దవడ కింద, గొంతు నొప్పి వస్తే మెడ పక్కన. అది దాదాపు ఎప్పుడూ కొద్దిరోజుల్లో దానంతటదే కరిగిపోతుంది. శరీరమంతటా అల్లుకున్న శోషరస నాళాల వెంట అక్కడక్కడా కాపలా ఠాణాల్లా ఉండే గ్రంథులివి. సూక్ష్మజీవులతో పోరు జరుగుతున్నప్పుడు ఉబ్బుతాయి. పోరు ముగిశాక తగ్గుతాయి. ఈ వ్యాసం తగ్గని బిళ్ళ గురించి.

సిడ్నీ నగరానికి పడమట పారమట్టా, హారిస్ పార్క్, వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. 2024 డిసెంబరులో పారమట్టా మీదుగా వెస్ట్‌మీడ్‌కు లైట్ రైలు మొదలైంది. ఆ దారిలో ఒక స్టాపు పేరే ‘చిల్డ్రన్స్ హాస్పిటల్’. 1995లో కాంపర్‌డౌన్ నుంచి వెస్ట్‌మీడ్‌కు తరలివచ్చిన ఈ ఆసుపత్రి ఆస్ట్రేలియాలో పిల్లల కేన్సర్‌కు చికిత్స చేసే ముఖ్య కేంద్రాల్లో ఒకటి. కీమోథెరపీ అక్కడ ఇస్తారు. రేడియేషన్ అవసరమైతే పక్కనే ఉన్న పెద్దల ఆసుపత్రికి, వెస్ట్‌మీడ్ హాస్పిటల్‌లోని కేన్సర్ కేంద్రానికి తీసుకువెళతారు. ఇది కేవలం యంత్రాలు ఎక్కడున్నాయన్న దాన్ని బట్టి జరిగిన సర్దుబాటే. అయినా నాకు అందులో ఒక సూచన కనిపిస్తుంది: పిల్లకిచ్చిన రేడియేషన్ ఫలితం పూర్తిగా తెలిసేది ఆ పిల్ల పెద్దయ్యాకే.

పారమట్టాలో ఒక తెలుగు తల్లి తన పదమూడేళ్ళ కూతురిని మెడలో బిళ్ళతో కుటుంబ వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళిందనుకుందాం. మొదట ఎదురయ్యే ప్రశ్నల్లో ఒకటి, “ఇండియా ఎప్పుడు వెళ్ళి వచ్చారు?” అన్నది. వైద్యుడి మనసులో ఉన్నది క్షయ. మన పాత వైద్యులు గండమాల అన్నది చాలావరకు ఈ శోషరస గ్రంథుల క్షయనే. ఆ అనుమానం న్యాయమైనదే, పరీక్ష చేయవలసిందే. చిక్కు వచ్చేది అనుమానం దగ్గరే ఆగిపోయినప్పుడు. మన ఊళ్ళలో ముక్క తీసి పరీక్షించకుండానే క్షయ మందులు మొదలుపెట్టి, తగ్గకపోతే చూద్దామనుకుని, నెలలు గడిచాక లింఫోమా బయటపడిన సందర్భాలు పిల్లల కేన్సర్ వైద్యులందరికీ పరిచయమే. ఉబ్బు తగ్గడానికని స్టెరాయిడ్ ఇవ్వడం అంతకన్నా ప్రమాదకరం. స్టెరాయిడ్ లింఫోమాకు కూడా మందే కనుక బిళ్ళ తాత్కాలికంగా కరుగుతుంది. ఆ తరువాత తీసిన ముక్కలో రోగం ఆనవాలు చెరిగిపోయి ఉండవచ్చు.

అనుమానించవలసిన బిళ్ళ లక్షణాలు వేరు. నొప్పి ఉండదు. రబ్బరులా గట్టిగా ఉంటుంది. రెండు సెంటీమీటర్లు దాటి, నెల గడిచినా తగ్గదు, లేదా పెరుగుతుంది. కంఠాస్థికి, అంటే భుజం ముందున్న కాలర్ ఎముకకు పైన వస్తే పరిమాణంతో పనిలేకుండా పట్టించుకోవాలి. దానికి తోడు కారణం తెలియని జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట పక్క తడిసేంత చెమట ఉంటే ఆలస్యం కూడదు. సూదితో పీల్చిన నాలుగు కణాలు సాధారణంగా చాలవు. గ్రంథినంతా, లేదా అందులో పెద్ద ముక్కను తీసి చూడాలి. మత్తు ఇచ్చే ముందు ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. గుండె ముందర పెద్ద గడ్డ పెరిగి ఉంటే, పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి మత్తు ఇచ్చినప్పుడు శ్వాసనాళం నొక్కుకుపోయే ప్రమాదం ఉంటుంది.

పిల్లలకు వచ్చే కేన్సర్లలో రక్త కేన్సర్, మెదడు కణుతుల తరువాతి స్థానం లింఫోమాలది. అందులో రెండు పెద్ద తెగలు. థామస్ హాడ్జ్‌కిన్ అనే లండన్ వైద్యుడు 1832లో వర్ణించినది ఒకటి. అది ఎక్కువగా కౌమారంలో కనిపిస్తుంది. అది కానివన్నీ రెండో తెగ. పిల్లల్లో వీటిలో ముఖ్యమైనవి బర్కిట్ లింఫోమా, లింఫోబ్లాస్టిక్ లింఫోమా. ఈ రెండు తెగల స్వభావాలే వేరు. హాడ్జ్‌కిన్ గడ్డలో అసలు కేన్సర్ కణాలు వందకు ఒకటి చొప్పున ఉంటే ఎక్కువ. మిగిలినదంతా వాటి చుట్టూ పోగుపడిన మామూలు రక్షక కణాలే. అది ఒక గ్రంథి నుంచి పక్క గ్రంథికి, వరుసగా, నింపాదిగా పాకుతుంది. బర్కిట్ గడ్డలో దాదాపు ప్రతి కణమూ కేన్సర్ కణమే. ఒకటి రెండు రోజుల్లో రెట్టింపవగలదు. ఒకదానిది నిదానం, మరొకదానిది దూకుడు. అందువల్లనే ఒకదాని చికిత్స చరిత్ర రేడియేషన్‌తో మొదలైంది, రెండోదాని చరిత్ర మందులతో మొదలైంది.

నింపాదిగా, వరుసగా పాకే రోగానికి రేడియేషన్ అతికినట్టు సరిపోతుంది: గడ్డనూ, దాని పొరుగు గ్రంథులనూ కలిపి కాల్చేస్తే ముందుకు పోయే దారి మూసుకుపోతుంది. టొరంటోలో వీరా పీటర్స్ అనే వైద్యురాలు 1950లో తన రోగుల లెక్కలు ప్రకటించి, తొలి దశలో ఉన్న హాడ్జ్‌కిన్ రోగులు కొందరు నిజంగా నయమయ్యారని చూపింది. అప్పటికి ఆ మాట నమ్మినవారు తక్కువ. స్టాన్‌ఫర్డ్‌లో హెన్రీ కాప్లాన్ భౌతికశాస్త్రవేత్తలతో కలిసి వైద్యానికి పనికివచ్చే లీనియర్ యాక్సిలరేటర్ తయారు చేయించి 1956లో వాడకంలోకి తెచ్చాడు. ఆ యంత్రంతో మెడ, చంకలు, ఛాతీ అన్నీ కప్పేలా, కవచం తొడిగినట్టుగా, 40 గ్రే చుట్టూ మోతాదు ఇచ్చేవారు. గ్రే అంటే కణజాలం పీల్చుకున్న రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం. ఈ పద్ధతితో తొలి దశ రోగుల్లో చాలామంది బతికారు.

రోగం ఒళ్ళంతా పాకినవారికి మందులే దిక్కు. యుద్ధంలో వాడిన మస్టర్డ్ విషవాయువుకు సోదర రసాయనమైన నైట్రోజన్ మస్టర్డ్‌ను 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో లింఫోమా రోగికి ఎక్కించి చూశారు. గడ్డలు కరిగాయి, మళ్ళీ వచ్చాయి. ఒక్క మందుతో పని జరగదని తేలడానికి ఇరవై యేళ్ళు పట్టింది. 1964లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో విన్సెంట్ డివీటా బృందం నాలుగు మందులు కలిపి విడతలుగా ఇవ్వడం మొదలుపెట్టింది. 1970లో వారు ప్రకటించిన లెక్క ప్రకారం ముదిరిన హాడ్జ్‌కిన్ రోగులు 43 మందిలో 35 మందిలో రోగం పూర్తిగా కనుమరుగైంది.

ఆ నాలుగింటిలో ఒకటైన విన్‌క్రిస్టీన్ మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. మధుమేహానికి పనికివస్తుందేమోనని ఆ మొక్కను పరీక్షించబోతే తెల్ల రక్తకణాలు పడిపోవడం కనిపించింది. ఆకుల నుంచి తీసిన రెండు మందులు, విన్‌బ్లాస్టీన్, విన్‌క్రిస్టీన్, ఈనాటికీ పిల్లల లింఫోమా చికిత్సలో ఉన్నాయి. బిళ్ళకు బిళ్ళగన్నేరు మందు కావడం మాటల కాకతాళీయమే అనుకోండి. ఆకులు నమిలితే లింఫోమా తగ్గదు సరికదా విషమవుతుందని ఇక్కడే చెప్పుకోవడం మంచిది. మన వాట్సాప్ బృందాల్లో ఈ సలహా అప్పుడప్పుడూ తిరుగుతుంటుంది.

మరో మందు వెనక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరుణ్ణి స్ప్రూ అనే జబ్బు బలిగొంది. హార్వర్డ్ నుంచి 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారాక ఆయన నడిపిన పరిశోధనల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటి. స్ప్రూకు ఇచ్చే మందుల్లో అదీ ఉంది. కణం విభజన చెందాలంటే డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏ తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. గర్భిణులకు ఆ మాత్రలు ఇచ్చేది అందుకే. మరి అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే కనిపిస్తూ పని చేయని నకిలీని ఇస్తే? తాళంలో దూరి తిరగని తాళంచెవిలా అది ఎంజైమును పట్టుకుని కూర్చుంటుంది. వేగంగా పెరిగే కణాలు ముందు పస్తుపడతాయి. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే నకిలీతో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ పిల్లల్లో రోగాన్ని తాత్కాలికంగా తగ్గించి, 1948 జూన్‌లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు మరణించాడు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఏమేం చేయగలదో ఆయన చూడలేదు.

అది చేసిన పనుల్లో ఒకటి ఉగాండాలో జరిగింది. డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు కంపాలాలో పనిచేస్తూ, పిల్లల దవడల్లో విపరీతంగా పెరిగే గడ్డలను 1958లో వర్ణించాడు. అక్కడ అప్పట్లో రేడియేషన్ యంత్రమే లేదు. కత్తితో తీసివేయడం సాధ్యం కాదు. గత్యంతరం లేక, 1960 ప్రాంతంలో, మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు కొద్ది మోతాదుల్లో ఇచ్చి చూశారు. ముఖాన్ని వికృతం చేసిన గడ్డలు రోజుల వ్యవధిలో కరిగాయి. కొందరు పిల్లలకు మళ్ళీ రాలేదు. కేన్సర్‌ను మందులతోనే నయం చేయవచ్చని లోకం ఇంకా నమ్మని రోజుల్లో, యంత్రం లేని లోటు ఒక గొప్ప సత్యాన్ని బయటపెట్టింది.

నేటి బర్కిట్ చికిత్సలో రేడియేషన్‌కు చోటే లేదు. కొద్దినెలల పాటు మందులే, అయితే అవి మామూలు మోతాదులు కావు. కీళ్ళవాతానికి పెద్దలు వారానికి పదో పదిహేనో మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్ మింగుతారు; బర్కిట్ పిల్లలకు శరీర ఉపరితలంలో ఒక చదరపు మీటరుకు 3 గ్రాములు, ఒక్కోసారి 8 గ్రాములు రక్తంలోకి ఎక్కిస్తారు. అది ప్రాణాంతకమైన మోతాదే. అందుకే లెక్క ప్రకారం 24 గంటల తరువాత అసలు ఫోలేట్‌ను, ల్యూకోవోరిన్ రూపంలో, విరుగుడుగా మొదలుపెడతారు. తొలిరోజుల్లో మరో గండం ఉంది: కణాలు ఒక్కపెట్టున చచ్చి, వాటిలోని సరుకంతా రక్తంలో పడి మూత్రపిండాలను ముంచెత్తవచ్చు. కాబట్టి మొదటి విడత మెల్లగా, నీళ్ళు బాగా ఎక్కిస్తూ ఇస్తారు. ముదిరిన రోగానికి ఈ మందులకు రిటుక్సిమాబ్ అనే ప్రతిరక్షకాన్ని కలిపితే, మూడేళ్ళకు రోగం తిరగబెట్టకుండా ఉన్న పిల్లలు వందకు 82 నుంచి 94కు పెరిగారని 2020లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం చూపింది. లింఫోబ్లాస్టిక్ రకానికి రక్త కేన్సర్ పద్ధతిలో రెండేళ్ళ పైచిలుకు మందులు ఇస్తారు. ఒకప్పుడు మెదడుకు ముందుజాగ్రత్తగా ఇచ్చిన రేడియేషన్‌ను చాలావరకు మానేశారు.

అసలు తర్జనభర్జన హాడ్జ్‌కిన్ దగ్గరే. ఇక్కడ దాదాపు అందరూ బతుకుతారు. ఆస్ట్రేలియా వంటి దేశాల్లో అయిదేళ్ళ తరువాత జీవించి ఉన్న పిల్లలు వందకు 95 మందికి పైనే. కనుక ప్రశ్న బతుకుతారా అన్నది కాదు, ఏమి చెల్లించి బతుకుతారు అన్నది.

కవచం తొడిగినట్టు 40 గ్రే అందుకున్న పిల్లల్లో ముందుగా కనిపించినది ఎదుగుదల లోపం. కంఠాస్థులు పొట్టివై, మెడ సన్నబడి, భుజాలు కుంచించుకుపోయేవి. స్టాన్‌ఫర్డ్‌లోనే సారా డొనాల్డ్‌సన్ 1970లలో రేడియేషన్‌ను 15 నుంచి 25 గ్రేలకు తగ్గించి, తగ్గినదాన్ని మందులతో పూడ్చవచ్చని చూపింది. తరువాత థైరాయిడ్ మందగించడం, ఇంకా తరువాత గుండె కవాటాలు, రక్తనాళాలు దెబ్బతినడం తెలియవచ్చాయి. అన్నిటికన్నా కలవరపెట్టిన లెక్క 1996లో వచ్చింది. పిల్లప్పుడు హాడ్జ్‌కిన్‌కు చికిత్స పొందిన ఆడవారిలో 40 ఏళ్ళు వచ్చేసరికి రొమ్ము కేన్సర్ వచ్చే సంభావ్యత వందకు 35 దాకా ఉందని స్మితా భాటియా బృందం అంచనా వేసింది. ఎదుగుతున్న రొమ్ము కణజాలానికి రేడియేషన్ తగలడమే ముఖ్య కారణం.

ఈ లెక్కలు చూసి పాతతరం వైద్యులను నిందించేవారితో నేను ఏకీభవించను. ఆ పిల్లలకు నలభయ్యో యేడు ఉండడమే ఆ చికిత్స చలవ. అయితే అప్పు ఉందని తెలిశాక అంతే అప్పు మళ్ళీ చేయడం మాత్రం తప్పే.

కాబట్టి రేడియేషన్ ఎవరికి అక్కరలేదో ముందే పోల్చుకోవడం ఎలా అన్నది పాతికేళ్ళ పరిశోధన. పెట్ స్కాన్ ఇందుకు దారి చూపింది. కేన్సర్ కణాలు గ్లూకోజును ఆబగా లాక్కుంటాయి; కిరణాలు వెలువరించే గ్లూకోజు లాంటి పదార్థాన్ని ఎక్కిస్తే బతికున్న గడ్డ వెలుగుతుంది, చచ్చిన గడ్డ వెలగదు. యూరోపులో 2007లో మొదలైన యూరోనెట్ అధ్యయనంలో రెండు విడతల మందుల తరువాత స్కాన్ తీసి, గడ్డలు తగినంత తగ్గి వెలుగు ఆరిపోయినవారికి రేడియేషన్ మానేశారు. తొలి దశ పిల్లలకు ఆ రెండు విడతలతోనే చికిత్స ముగిసింది. అయిదేళ్ళకు వారిలో వందకు దాదాపు 87 మందికి రోగం తిరిగిరాలేదు. ముదిరిన దశల్లో మందులు ఇంకొన్ని విడతలు సాగించి రేడియేషన్ మానినవారిలో ఈ సంఖ్య 90.

అమెరికా ఖండంలో 1,712 మందితో జరిగిన మరో అధ్యయనం తల్లిదండ్రుల సంకటాన్ని ఇంకా స్పష్టంగా చూపుతుంది. మందులకు వేగంగా లొంగి, గడ్డలు పూర్తిగా మాయమైన పిల్లలను చీటీ వేసినట్టు రెండు జట్లు చేసి ఒక జట్టుకే రేడియేషన్ ఇచ్చారు. నాలుగేళ్ళకు రోగం తిరగబెట్టనివారు ఇచ్చిన జట్టులో వందకు 88, ఇవ్వని జట్టులో 84. ప్రాణంతో ఉన్నవారు మాత్రం రెండు జట్లలోనూ సమానం, వందకు దాదాపు 99. ఆ నాలుగు అంకెల తేడా గణితశాస్త్ర రీత్యా కాకతాళీయం కావచ్చు. నిజమే అనుకున్నా దాని అర్థమిది: నలుగురికి రోగం తిరగబెట్టకుండా చూడడం కోసం వందమంది ఛాతీలకు రేడియేషన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ నలుగురు రెండోసారి, మరింత కఠినమైన చికిత్సకు, బహుశా మూలకణ మార్పిడికి సిద్ధపడాలి. ఆ వందమందిలో మన పిల్ల ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. నన్నడిగితే, స్కాన్ చల్లారిన ఆడపిల్లకు ఛాతీ రేడియేషన్ వద్దనే అంటాను. అయితే ఆ నిర్ణయం ఆ పిల్ల గడ్డ పరిమాణం, చోటు, దశ తెలిసిన వైద్యబృందంతో కూర్చుని తీసుకోవలసినది. మందులకు నిదానంగా లొంగే గడ్డలకు రేడియేషన్ ఇప్పటికీ అవసరమే. కాకపోతే ఇప్పుడు 20 గ్రే చుట్టూ, పది పదిహేను సిట్టింగుల్లో, రోగం ఉన్న మేరకే ఇస్తారు. ఛాతీకి ఇచ్చేటప్పుడు ఊపిరి నిండా పీల్చి బిగబట్టమంటారు, గుండె కొంత పక్కకు తప్పుకుంటుంది.

మందులకూ అప్పు ఉంది. డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని బలహీనపరుస్తుంది. మొత్తం మోతాదు చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం ఎక్కువ. ప్రోకార్బజీన్ మగపిల్లలను సంతానహీనులను చేస్తుందని తెలిసి యూరోపు వైద్యులు దాన్ని వేరే మందులతో మార్చారు. అయినా, వయసు వచ్చిన అబ్బాయిల చేత చికిత్సకు ముందే వీర్యాన్ని భద్రపరచమంటారు. పద్నాలుగేళ్ళ కొడుకుతో, కేన్సర్ అని తెలిసిన వారంలోనే, ఆ సంభాషణ జరపడం మన ఇళ్ళలో ఎంత కష్టమో వేరే చెప్పాలా? అయినా జరపాలి, మొదటి సెలైన్ సీసా వేలాడదీశాక ఆ అవకాశం పోతుంది. కొత్త మందులు ఈ అప్పును తగ్గించవచ్చు. కేన్సర్ కణం మీది గుర్తును పట్టుకుని లోపలికి విషాన్ని చేరవేసే బ్రెంటుక్సిమాబ్ కలిపినప్పుడు, ముదిరిన రోగమున్న పిల్లల్లో మూడేళ్ళకు రోగం లేనివారు వందకు 82 నుంచి 92కు పెరిగారు. రోగనిరోధక శక్తికి పడిన కళ్ళెం విప్పే నివోలుమాబ్‌ను పన్నెండేళ్ళు దాటినవారికి ఇచ్చిన అధ్యయనంలో రేడియేషన్ అవసరమైనవారు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది. ఈ మందుల దీర్ఘకాలిక అప్పు ఎంతో తేలడానికి ఇంకో ఇరవై యేళ్ళు కావాలి.

పాత అప్పు తీర్చవలసినవారు మాత్రం ఇప్పుడే మన మధ్య ఉన్నారు. 1980లు, 90లలో హైదరాబాదులోనో మద్రాసులోనో వెల్లూరులోనో పిల్లలుగా చికిత్స పొంది, నేడు సిడ్నీలో, డాలస్‌లో, లండన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నవారు. ముప్ఫై యేళ్ళు రాకముందు ఛాతీకి 10 గ్రే లేదా అంతకన్నా ఎక్కువ అందుకున్న ఆడవారు 25వ యేటి నుంచి, లేదా రేడియేషన్ ముగిసిన ఎనిమిదేళ్ళ నుంచి, ఏది తరువాత వస్తే అప్పటి నుంచి, యేటా ఎమ్మారై, మామోగ్రామ్ చేయించుకోవాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆస్ట్రేలియాలో ప్రభుత్వం ఉచితంగా చేసే మామోగ్రామ్‌కు అర్హత 40 ఏళ్ళకు, పిలుపు వచ్చేది 50 ఏళ్ళకు. అంటే అడగకపోతే ఎవరూ పిలవరు. అడగాలంటే తనకు ఏం జరిగిందో తనకు తెలియాలి.

మన ఇళ్ళలో తెలియనివ్వరు. కేన్సర్ అంటే సంబంధాలు రావని, పిల్లకు “చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గింది” అని చెప్పి పెంచిన తల్లిదండ్రులున్నారు. ఫైలు బీరువా అడుగుకు చేరుతుంది. ఇల్లు మారినప్పుడు పోతుంది. ఆసుపత్రులు కూడా పాత కాగితాలను కలకాలం ఉంచవు. కావలసినది పెద్ద ఫైలేమీ కాదు, ఒక్క పేజీ: రోగం పేరు, దశ, మందుల పేర్లు, ముఖ్యంగా డాక్సోరుబిసిన్ మొత్తం మోతాదు, రేడియేషన్ ఏ భాగానికి, ఎన్ని గ్రే, ఏ తేదీల్లో, చికిత్స ముగిసిన రోజు. నేడు వెస్ట్‌మీడ్ వంటి చోట్ల చికిత్స ముగిసినప్పుడు ఇటువంటి సారాంశం ఇస్తారు. ఊరు వదిలి దేశం మారే కుటుంబాలు దాన్ని పాస్‌పోర్టులతో పాటు ఉంచుకోవాలి.

ఆ పేజీ లేనివారికి ఒక ఆనవాలు మిగిలి ఉండవచ్చు. రేడియేషన్ ప్రతిరోజూ ఒకే చోట పడడానికి చర్మంమీద పచ్చబొట్టులాగా సూదిమొనంత చుక్కలు పొడవడం చాలాచోట్ల ఆనవాయితీ. ఛాతీ మధ్యన, పక్కల, పుట్టుమచ్చల్లా కనిపించే నీలిచుక్కలు అలాంటివేమోనని తల్లిని అడగవచ్చు. పారమట్టాలోని వైద్యుడు వాటిని చూసి కిరణాలు ఏ మేరకు పడ్డాయో కొంత ఊహించగలడు. ఎన్ని గ్రే పడ్డాయన్నది మాత్రం ఆ చుక్కల్లో ఉండదు.